చూసుకునేవాడు

ఇది గొళ్ళెం వరద ఏడాది మాట. మా వీధిలో ఏళ్ళకి అంకెలు వాడరు, వరదలు వాడతారు. నీళ్ళు గడప దాకా వచ్చి వెనక్కి పోయిన ఏడు గడప వరద. గేటు గొళ్ళెం మునిగిన ఏడు గొళ్ళెం వరద. ఎవరి పిల్ల ఎప్పుడు పుట్టింది, ఎవరు ఎప్పుడు పోయారు, అన్నిటికీ ఆ రెండే లెక్క. మేం ఆ ఇంట్లోకి వచ్చింది గడప వరద వెనకాలే.

ఇల్లు మా బామ్మర్దిది. మా ఆవిడకి ఒక్కడే తమ్ముడు. వాళ్ళమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్ళు ఊడలేదు. మాకు పిల్లల్లేరు. మా ఒక్క గదిలో, నా సున్నం డబ్బాల మధ్య పెరిగాడు. నేను ఇళ్ళకి సున్నాలు, రంగులు వేసేవాణ్ణి. బడి లేని రోజు వాడు నా వెంట పనికొచ్చి నిచ్చెన కింద కూర్చునేవాడు. కూర్చుని ఊరుకోడు.

"బావా, ఈ ఇల్లెవరిది?"

చెప్పేవాణ్ణి.

"మరి ఆయన ఇక్కడ ఉండడా?"

"ఉండడు. అద్దెకిస్తాడు."

"అయితే ఆయన ఏం పని చేస్తాడు?"

"ఏం చేయడు. ఆయన పని కూడా ఇల్లే చేస్తుంది."

నేను నవ్వులాటకన్నాను. వాడు నవ్వలేదు. బడిలో వాడికి చెప్పిన చదువంతా ఒకెత్తు, నేను నిచ్చెన మీంచి చెప్పిన ఆ ముక్క ఒకెత్తు అయింది.

పెద్దయ్యాక ఒక ఇల్లు కొన్నాడు. దాని అద్దెతో ఇంకోటి కొన్నాడు. వీధిలో వాళ్ళు వాణ్ణి మేడల బాబు అనేవాళ్ళు, కొంచెం మర్యాదగా, కొంచెం కడుపుమంటగా. నేను చెప్పే ఇల్లు వాడి మేడల్లో పెద్దది. కింద నాలుగు పోర్షన్లు, పైన నాలుగు, మెట్ల కింద మోటారు, గేటు పక్కన ఎత్తు మీద ఒక గది. ఆ గది మొదట కొట్టు కోసం కట్టారట. కొట్టు నడవలేదు, గది మిగిలింది.

గడప వరద తర్వాత నేను ఒక మేడ మీద రంగు వేస్తూ నిచ్చెన జారి పడ్డాను. మోకాలు పోయింది. మంచం మీద ఉంటే బామ్మర్ది చూడ్డానికి వచ్చాడు. పళ్ళు తెచ్చాడు. మా గదంతా ఒకసారి కలియజూశాడు.

"ఇంకా నిచ్చెనలెందుకు బావా? మన మేడకి వచ్చెయ్యండి. గేటు గదిలో ఉండండి. నువ్వు ఇల్లు చూసుకో, చాలు."

"అద్దె ఎంతరా?" అంది మా ఆవిడ. నవ్వుతూనే అంది. కానీ అడిగింది.

"మనింట్లో మనకి అద్దేంటక్కా? మీరిద్దరూ ఉన్నన్నాళ్ళు ఆ గది మీదే."

మా ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. వారం తిరక్కుండా వచ్చేశాం.

చూసుకోవడం అంటే ఏంటో వాడు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ మాట నాకు తెలుసనే అనుకున్నాను.

నా మటుకు నేను చూసుకున్నాను. పొద్దున్నే మోటారు వేయడం, ట్యాంకు నిండి పొర్లక ముందే ఆపడం. తూములో జుట్టు తీయడం. మెట్ల మీద లైటు మార్చడం. ఎవరైనా ఖాళీ చేస్తే గేటుకి టులెట్ బోర్డు కట్టడం, వచ్చినవాళ్ళకి గది తిప్పి చూపించడం. ఖాళీ అయిన గదికి సున్నం వేయడం నా సొంత పని, దానికి ఇంకొకణ్ణి పిలవనిచ్చేవాణ్ణి కాదు. మూడో మెట్టు మించి నిచ్చెన ఎక్కలేను కాబట్టి పై భాగానికి కర్రకి కుంచె కట్టుకునేవాణ్ణి. ముందు మేకులు పీకాలి. బొక్కలు పూడ్చాలి. అద్దం మేకు ఎంత ఎత్తులో ఉందో చూస్తే ఆ ఇంటి ఇల్లాలు పొట్టో పొడుగో తెలిసేది. అవన్నీ పూడ్చి, రెండు పూతలు వేస్తే ఆ గదిలో ఎవరూ ఉండనట్టే అయిపోయేది.

ఇవి కాక, ఎవరికైనా జ్వరం వస్తే మందు తెచ్చేవాణ్ణి. తాళం పడిపోతే వెతికేవాణ్ణి. పసిపిల్ల ఏడుస్తుంటే తల్లి వంట అయ్యేదాకా ఎత్తుకుని గేటు దగ్గర తిప్పేవాణ్ణి. ఇది వేరు, అది వేరు అని నాకెప్పుడూ తోచలేదు.

ఇంకో పని కూడా ఉంది. బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, ఫలానా పోర్షన్ వాళ్ళని వేరే ఇల్లు చూసుకోమను" అంటే, వెళ్ళి ఆ మాట చెప్పడం. ఎందుకని అడగకూడదు. వాళ్ళు అడిగితే, పైనుంచి మాట అనాలి. నేను లోపలికి వెళ్ళేవాణ్ణి కాదు. కూర్చోమంటే కూర్చునేవాణ్ణి కాదు. గుమ్మం దగ్గర నిలబడి ఎదుటి గోడ చూస్తూ ఒక్క ముక్కలో చెప్పేసి వచ్చేవాణ్ణి. పైన మొదటి పోర్షన్లో లారీ డ్రైవరు ఉండేవాడు. నోరు ఊరుకోదు వాడికి.

"పెద్దాయన గుమ్మం దగ్గర నిలబడి గోడ చూశాడంటే, ఇంక మూట కట్టుకోవడమే" అనేవాడు.

తర్వాత కెమెరాలు వచ్చాయి. ఒకటి గేటుకి, ఒకటి మెట్లకి, ఒకటి మా గది ఎదురుగా మోటారు పైన. మనుషుల్ని తెచ్చి పెట్టించి, ఫోన్లో నాకు చూపించాడు బామ్మర్ది. చిన్న అద్దంలో మేడంతా కనపడింది. అందులో నేను కూడా ఉన్నాను, తల వంచుకుని ఫోన్ చూస్తూ.

"నీకు కాళ్ళనొప్పి కదా బావా. ఇవి నీకు సాయం" అన్నాడు.

డ్రైవరు ఆ కెమెరాకి రోజూ దణ్ణం పెట్టి డ్యూటీకి వెళ్ళేవాడు. "మీ బామ్మర్ది కన్నార్పడు పెద్దాయనా, పాపం నిద్రపట్టదేమో. ఏదన్నా మందు చెప్పండి."

బామ్మర్ది మేడకి రావడం తగ్గింది. ఇంక రావలసిన పని ఏముంది, ఇంట్లో కూర్చునే అన్నీ కనపడుతుంటే. మా ఆవిడకి అదే బెంగ. ఒకరోజు మోటారు పక్క తీగ మీద దుప్పటి ఆరేసింది. అది కెమెరాకి అడ్డం పడింది. కాసేపటికే ఫోన్ మోగింది.

"అక్కా, ఆ దుప్పటి కొంచెం పక్కకి తియ్యి."

"తీస్తాలే నాన్నా. తిన్నావా? గొంతు అలా ఉందేంటి, జలుబు చేసిందా? పిల్లలెలా ఉన్నారు?"

ఆ తర్వాత నేను గమనించాను. తమ్ముడి మీదికి ధ్యాస మళ్ళినప్పుడల్లా ఆవిడ దుప్పటి ఉతికేది. మురికి లేని దుప్పటి ఉతికి ఉతికి చిరుగులు పట్టింది. ఆ ఫోన్ వస్తే ఆవిడ ఆ పూటంతా బాగుండేది.

గొళ్ళెం వరద పొద్దున్న వచ్చింది. ముందు తూములోంచి పైకి తన్నింది నీరు, తర్వాత గేటు కింద నుంచి. కరెంటు పోయింది, కెమెరాలు గుడ్డివయ్యాయి. కింద నాలుగు పోర్షన్లలో మూడు కుటుంబాలు చుట్టాలిళ్ళకి పరుగెత్తాయి. నాలుగోదాంట్లో మిషనావిడ ఉండేది. బడి పిల్లలకి యూనిఫారాలు కుట్టేది. మొగుడు లేడు. అత్తగారు ఉంది, ఆవిడకి చెవుడు, కాళ్ళు రావు. వెళ్ళడానికి చుట్టాలు కూడా లేరు.

నేనూ డ్రైవరూ కలిసి ఆ ముసలావిణ్ణి కుర్చీతో సహా ఎత్తాం. మోకాలి లోతు నీళ్ళల్లో మోసుకొస్తుంటే కేకలు.

"ఎక్కడికిరా నన్ను మోసుకుపోతున్నారు? నేనింకా చావలేదురా!"

"తెలుసు మామ్మా, అందుకే ఇంత బరువున్నావు" అన్నాడు డ్రైవరు. ఆవిడకి వినపడలేదు. లేకపోతే వాడి చెంప పగిలేది.

మా గదిలో దింపాం. మిషను తెచ్చాం. గుడ్డల మూటలు తెచ్చాం. మా ఆవిడ మా మంచం మీద మా పక్కలు తీసేసి ఆ మూటలు పేర్చింది. మిషనావిడ గుమ్మంలో నిలబడి, గది గట్టు కిందే ఆగిపోయిన నీళ్ళ వైపు చూసింది.

"పిన్నీ, మీ గదిలోకి నీళ్ళు రావా?"

"రావమ్మా. గడప వరదకి రాలేదట, దీనికీ రావు. మా గది ఎత్తు" అంది మా ఆవిడ. సొంతంగా కట్టించినట్టు చెప్పింది.

ఆ వరద ఉన్నన్నాళ్ళూ వాళ్ళిద్దరూ మా గదిలో, మేమిద్దరం పైన మెట్ల మలుపులో. అరుగు లాంటి చోటు, గాలి బాగానే వచ్చేది. డ్రైవరు ఒక చాప ఇచ్చాడు.

నీళ్ళు తీశాక బామ్మర్ది వచ్చాడు. మోకాళ్ళ దాకా బూట్లు వేసుకున్నాడు. కింద పోర్షన్లు నాలుగూ తిరిగి, గోడల మీద బురద గీతకి ఫొటోలు తీశాడు. మేం ఎక్కడ పడుకున్నామని అడగలేదు. మిషనావిడ అప్పుడు తన పోర్షన్లో బురద ఎత్తిపోస్తోంది, అందుకని మా గదిలో ఎవరున్నారో వాడికి తెలియలేదు.

"బావా, కింద నాలుగూ ఖాళీ చేయించు. నేల ఎత్తు లేపించి, కొత్త బండలేయించి, మంచి పార్టీలకిద్దాం."

"వాళ్ళింకా తడిసే ఉన్నారు."

"ఆరాకే చెప్పు. ఇవాళే అన్నానా?"

ఆరాక చెప్పాను. మూడు కుటుంబాలకి, మూడు గుమ్మాల దగ్గర, గోడలు చూస్తూ. ఈసారి గోడల మీద బురద గీత ఉంది, దాన్ని చూశాను. వాళ్ళు పెద్దగా మాట్లాడలేదు. వరద అంత దెబ్బ కొట్టాక ఇంక నేనెంత.

మిషనావిడకి చెప్పలేదు. దయ కాదు, ధైర్యం అంతకన్నా కాదు. అత్తగారికి చెమ్మ పడదని ఆవిడ ఇంకా మా గదిలోనే ఉంది. చెప్పాలని రెండుసార్లు వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. మిషను ఆపి, "అదేంటి బాబాయ్, మీ గదికి మీరే గుమ్మంలో నిలబడతారా? రండి, కూర్చోండి" అనేది. నా గుమ్మంలో నేను నిలబడి ఎవర్నైనా ఇల్లు చూసుకోమనడం ఎలాగో నాకు తెలియలేదు. ఎదుటి గోడ మీద చూద్దామంటే మా ఆవిడ అద్దం ఉంది, పక్కనే బామ్మర్ది చిన్నప్పటి ఫొటో ఉంది. పలక పట్టుకుని నిలబడ్డాడు అందులో. ఏదో ఒక సూదో బొత్తామో కింద పడితే తీసిచ్చి వచ్చేసేవాణ్ణి.

కరెంటు వచ్చింది. ఆ మర్నాడు మా ఆవిడ ఫోన్ మోగింది. దుప్పటి ఆరేయకుండానే మోగిందని ఆవిడ ముఖం విప్పారింది.

"అక్కా, గేటు గదిలో ఆ మిషనెవరిది?"

సాయంత్రం వచ్చాడు. కారు గేటు బయటే ఆపాడు. మా ఆవిడ టీ పెట్టడానికి మెట్ల మలుపులో స్టవ్ వెలిగించింది. డ్రైవరు పైన వరండాలో చొక్కా ఉతుక్కుంటున్నాడు. లోపల మిషను నడుస్తూనే ఉంది.

"బావా, నీకు నేనేం చెప్పాను?"

"ఖాళీ చేయించమన్నావు."

"అది కాదు. మొదట. మొట్టమొదట నీకేం చెప్పాను?"

"చూసుకోమన్నావు."

"ఏది చూసుకోమన్నాను?"

"ఇల్లు."

"ఆఁ. ఇల్లు చూసుకోమన్నాను. ఇంట్లోవాళ్ళని చూసుకోమన్నానా?"

పైన చొక్కా పిండుతున్న చప్పుడు ఆగిపోయింది.

"మందులు తెస్తావు. పిల్లల్ని ఎత్తుకుంటావు. అన్నీ చూస్తూనే ఉన్నాను బావా, కెమెరా ఉంది. పోనీలే, పెద్దవాడివి కదా అని ఊరుకున్నాను. ఇప్పుడు ఏకంగా ఉన్న గది ఆవిడకిచ్చేసి నువ్వెళ్ళి మెట్ల మీద పడుకుంటావా? నలుగురూ నన్నేమనుకుంటారు? అక్కని మెట్ల మీద పడుకోబెట్టాడనరా?"

"ఎవరూ ఏమీ అనలేదురా" అంది మా ఆవిడ. "వరద కదా."

"నువ్వుండక్కా. చెప్పడం బావకి చేతకాకపోతే నేనే చెప్తాను. మా ఇంట్లో ఎవరుండాలో ఎవరుండకూడదో నేను చెప్పుకోగలను."

మా ఆవిడ నా వైపు చూసింది. నేనూ విన్నాను. ఇన్నేళ్ళూ మన ఇల్లు, మన మేడ, మన గోడ అన్నవాడు. 'మన'లో ఒక్క అక్షరం జారిపోయి 'మా' అయింది. వాడికి తెలిసి జారిందో తెలియక జారిందో.

వాడు మా గదిలోకి వెళ్ళాడు. తలుపు దగ్గరికి వేసుకున్నాడు. మిషను ఆగింది. మేం బయట నిలబడ్డాం. ముందు వాడి గొంతు వినిపించింది, మాటలు తెలియలేదు. తర్వాత మిషనావిడ గొంతు, బతిమాలుతున్నట్టు. కొంచెంసేపటికి బతిమాలుతున్నట్టు లేదు, మామూలుగా ఉంది. వాడేదో అడుగుతున్నాడు, ఆవిడ చెబుతోంది. ఆవిడ నవ్వింది కూడా, చిన్నగా.

"ఒప్పించుకుంది" అన్నాను. మిషనావిడకి ఇల్లు దక్కిందని నాకు నిజంగానే మనసు కుదుటపడింది.

అప్పుడు లోపల్నుంచి ముసలావిడ కేక.

"ఏమంటున్నాడే?"

చెవిటివాళ్ళకి చెప్పేటప్పుడు ఊరంతటికీ చెప్పినట్టే కదా.

"గేటు గది మనకిస్తారట అత్తా!" అని అరిచింది మిషనావిడ. "ఇదే గది! నీళ్ళు రావుగా! నిన్ను మెట్లెక్కించక్కర్లేదు!"

"ఊరికేనా?"

"సగం అద్దెకి! ఇల్లు మనల్ని చూసుకోమంటున్నారు!"

ముసలావిడ మళ్ళీ కేకేసింది.

"మరి ఆ ముసలాళ్ళో?"

ఆ మాటకి మిషనావిడ గట్టిగా జవాబు చెప్పలేదు. చెవిలో చెప్పిందేమో.

మా ఆవిడ స్టవ్ ఆర్పింది. టీ అప్పుడే పొంగుకొస్తోంది.

బామ్మర్ది బయటికి వచ్చాడు. మేం విన్నామని వాడికి తెలుసు. అయినా మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.

"బావా, నీకూ వయసయిపోతోంది. ఎన్నాళ్ళని మోటారు వేస్తావు? ఆవిడ ఎలాగూ పొద్దస్తమానం ఇంట్లోనే కూర్చుని కుడుతుంది. కిటికీ గేటు మీదికే ఉంది. ఫోన్లో ఫొటో తీసి పంపడం వచ్చు, మీటరు చదవడం వచ్చు, వచ్చినవాళ్ళకి కాగితం రాసివ్వడం వచ్చు. నీకు మూడో తరగతి. నీ తప్పు కాదనుకో."

నేను మోటారు గట్టు మీద కూర్చున్నాను.

"అక్కని మా ఇంటికి తీసుకెళ్తాను. వెనక గది ఖాళీగానే ఉంది. మా ఆవిడకి కూడా వంటింట్లో చెయ్యి సాయంగా ఉంటుంది. బావ సంగతి చూద్దాం."

మా ఆవిడ వాడితో ఎప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. అప్పుడు కూడా గట్టిగా మాట్లాడలేదు.

"చూద్దాం అంటే ఎవరు చూస్తార్రా?"

"అబ్బా, మాట పట్టుకోకక్కా. ఉన్నది ఒక్క గది, ఇద్దరికి చాలదు. పిల్లలు పరీక్షలకి చదువుకుంటున్నారు. బావకి అక్కడ తోచదు కూడా. ఏదో ఒక దారి దొరక్కపోదు. మీరు కూడా కొంచెం చూసుకోవాలి కదా."

మా ఆవిడ వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. చిన్నప్పుడు బడి నుంచి వస్తే ఎక్కడైనా దెబ్బ తగిలిందేమోనని అలాగే చూసేది.

"చూసుకుంటాంలే" అంది.

"అదీ!" అన్నాడు వాడు. బరువు దిగినట్టు నవ్వాడు. ఆ మాట వాడు వేరేలా విన్నాడు. "తొందరేం లేదు. బడులు తెరిచేలోగా చాలు."

"టీ తాగి వెళ్ళు."

ఫోన్ చూసుకున్నాడు. "ఇంకోసారక్కా."

కారు వెళ్ళిపోయింది. పైనుంచి డ్రైవరు దిగి వచ్చాడు, చొక్కా భుజం మీదే ఉంది, నీళ్ళు కారుతున్నాయి. వాడి నోట్లోంచి ఒక్క జోకు రాలేదు. అది చూస్తే నాకు ఎక్కువ బాధేసింది.

"పెద్దాయనా, మా వరండా ఉంది" అన్నాడు.

"వద్దు. రేపు నీ గుమ్మం దగ్గర ఎవరో ఒకరొచ్చి నిలబడతారు."

"రంగుల కొట్టు వెనకాల గది ఒకటుందన్నారు. ఖాళీ డబ్బాలు పడేస్తాడు అందులో. నేను అడుగుతానుండండి. కొట్టువాడు నా మాట కాదనడు."

"డబ్బాల మధ్య కాపురం మాకు కొత్తా నాయనా?" అంది మా ఆవిడ. చల్లారిన టీ వాడికి పోసిచ్చింది. వాడు అలాగే తాగాడు.

మిషనావిడ చీకటి పడకముందే నా దగ్గరికి వచ్చింది. మోటారు గట్టు మీద కూర్చుని ఉన్నాను. ఎదురుగా నిలబడింది. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"నేనడగలేదు బాబాయ్. ఒట్టు. ఆయనే అన్నారు. ఎక్కడికన్నా పొమ్మంటారనే నేను దణ్ణాలు పెట్టాను. నువ్వు రోజంతా ఇంట్లోనే ఉంటావా అనడిగారు. ఉంటానన్నాను. చదువుకున్నావా అన్నారు. చదువుకున్నానన్నాను. అంతే."

"ఊఁ."

"అత్త మెట్లెక్కలేదు. ఆ కింద చెమ్మలో పడుకుంటే వారం బతకదు. మీరయితే ఏం చేసేవారు బాబాయ్?"

ఆలోచించి చెప్పాను. "నేనైనా ఇదే చేసేవాణ్ణి."

ఏడ్చింది. ఏడవనిచ్చాను. ఆవిడ చెడ్డది కాదు. చెడ్డదైతే నాకు కొంచెం సులువయ్యేది. కళ్ళు తుడుచుకుని వెళ్ళబోతూ మళ్ళీ వెనక్కి తిరిగింది.

"ఆ గదిలో చెమ్మ ఎక్కడన్నా పడుతుందా బాబాయ్? యూనిఫారాలు తెల్లగుడ్డ. మరక పడితే బడివాళ్ళు తీసుకోరు."

"తలుపు వెనక మూల. సున్నం వేస్తే ఆగుతుంది."

మర్నాడు పొద్దున్నే లేచి మోటారు వేశాను. అలవాటు. ట్యాంకు నిండుతుంటే మా ఆవిడ దుప్పటి తీసుకుని తీగ దగ్గరికి వెళ్ళింది. చెయ్యెత్తి, అలాగే ఆగింది. తర్వాత ఆ పొడి దుప్పటిని నాలుగు మడతలు పెట్టి మూటలో కుక్కింది.

మా సామాను పెద్దగా లేదు. మెట్ల మలుపులోకి చేర్చేశాం. మిషను గది మధ్యకి జరిపి, ముసలావిణ్ణి కుర్చీలో బయట ఎండకి కూర్చోబెట్టాం.

"ఇప్పుడెందుకు బాబాయ్? బడులు తెరవడానికి ఇంకా టైముందిగా" అంది మిషనావిడ. "మీరు ఇవాళే ఖాళీ చేస్తే నాకు..."

"ఖాళీ అయిన గదికి సున్నం వేయడం నా పని" అన్నాను. "రేపట్నుంచి నీది."

సున్నం కలిపాను. ముందు మేకులు పీకాను. అద్దం మేకు. నా చొక్కా మేకు. పలక పట్టుకున్న ఫొటో మేకు గట్టిగా పట్టుకుని ఉంది, రాలేదు. దాని చుట్టూ గోడ చెక్కాల్సి వచ్చింది. ఫొటో మా ఆవిడకిచ్చాను. ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. బొక్కలు పూడ్చాను. తలుపు వెనక మూల మూడుసార్లు రుద్దాను. పైభాగానికి కర్రకి కుంచె కట్టలేదు ఈసారి, నిచ్చెన ఎక్కాను. మోకాలు ఏమందో నేను వినలేదు. రెండు పూతలు పడేసరికి ఎండ గేటు దాటింది. గుమ్మంలోంచి చూస్తే ఆ గదిలో ఎవరూ ఉండనట్టే ఉంది.

బకెట్టులో కొంచెం సున్నం మిగిలింది. మిగిలింది పారబోయడం నాకు అలవాటు లేదు.

నిచ్చెన తెచ్చి మోటారు పక్కన గోడకి వేశాను. పైన వరండాలో డ్రైవరు రాత్రి డ్యూటీ దిగి అప్పుడే లేచి, నోట్లో బ్రష్షు పెట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూశాడు, కెమెరా చూశాడు, బ్రష్షు తీసి చేత్తో పట్టుకున్నాడు. "నిచ్చెన పట్టుకోనా పెద్దాయనా?" అన్నాడు.

"వద్దు. అందులో నువ్వు కనపడతావు."

ఒక్కో మెట్టే ఎక్కాను. దగ్గర్నుంచి చూస్తే అది చిన్న గాజు బిళ్ళ, లోపల ఎర్ర చుక్క. అందులో నా ముఖం వంకరగా కనపడింది. కుంచె ముంచి, అంచుకి తుడిచి, నిదానంగా వేశాను. పై నుంచి కిందికి, తర్వాత అడ్డంగా. గోడకి వేసినట్టే.

కింద మా ఆవిడ ఒళ్ళో ఫోన్ మోగింది. తీస్తుందేమోనని చూశాను. ఫొటో మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

గాజు మీద సున్నం ఒక్క పూతకి నిలవదు. మొదటిది ఆరితే గానీ రెండోది వేయకూడదు. ఆరేదాకా నిచ్చెన మీదే కూర్చున్నాను.